అల్మెంద్రో ఉండిన చోటు

జూన్ 11

గేటుకి గొలుసు వేసి తాళం పెట్టాను. పడవలు కట్టే గొలుసు, ఎవడి రంపానికీ లొంగదు. తాళంచెవి నా జేబులో ఉంది.

పొద్దున్నే ఒక వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మా, అడవిలోకి సులువైన నడకదారి ఉందన్నారు, ఇదేనా? లోపల పెద్దవాళ్ళున్నారు, నడవగలరా?" అన్నాడు. పాపం, మామూలుగానే అడిగాడు. ఏళ్ళ తరబడి ఆ గేటు దగ్గర కూర్చుని టిక్కెట్లు చింపుతూ, "అమ్మమ్మలు కూడా నడిచే దారండీ, భయం లేదు" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పినదాన్ని నేనే. ఇవాళ ఆ సులువన్న మాట చెవిన పడగానే ఒళ్ళు మండిపోయింది. "మా ఆయన కూడా నడిచాడు నాయనా. ఇంట్లో పడుకుని ఉన్నాడు, వెళ్ళి చూడు, ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు" అని అరిచాను. వ్యాను వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తరవాత షెడ్డులోకి వెళ్ళి గొలుసు వెతికాను.

దారి మొదటి ముక్క మా పొలంలోంచే పోతుంది. మా పొలం, మా గేటు. ఎవరొచ్చి అడుగుతారో చూస్తాను.

ఎలాదియో మంచం మీంచి, "ఏమిటా గొలుసు చప్పుడు?" అన్నాడు. కుక్కని కట్టేస్తున్నానన్నాను. మాకు కుక్క లేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

జూన్ 12

ఒక్కసారి రాస్తాను. మళ్ళీ రాయను.

మే నెల ఆఖరు వారం. వానకి కొమ్మలు విరిగి పడి ఉంటాయని ఎలాదియో పొద్దున్నే దారి ఊడవడానికి వెళ్ళాడు. గమ్ బూట్లు గుమ్మం దగ్గరే వదిలేసి మామూలు చెప్పులతో పోయాడు. ఎంత, మన పెరడు లాంటి దారే కదా అని. నేను గేటు దగ్గరున్నాను. వాకీటాకీలో ఆయన గొంతు వచ్చింది. "సీనియా, పాము కరిచింది. తెర్సియోపెలో. అల్మెంద్రో దగ్గరున్నాను." అంతే. అరవను కూడా లేదు. ఆ పాము కరిస్తే ఏమవుతుందో ఈ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఒక చేతిలో వాకీ, ఒక చేతిలో ఫోను. అంబులెన్సువాళ్ళకి చెప్పాను, అల్మెంద్రో దగ్గర అని స్పష్టంగా చెప్పాను. గేటు బార్లా తెరిచిపెట్టి లోపలికి పరిగెత్తాను. ఆయన అల్మెంద్రో మొద్దుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాలు అప్పటికే వాచి నల్లబడుతోంది. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదురుచూశాం. ఎవరూ రాలేదు. నేను అరిచాను, గొంతు పోయేదాకా అరిచాను, వాన చప్పుడులో ఎంత దూరం వెళ్ళిందో తెలీదు.

వాళ్ళు వెళ్ళింది ఇంకో అల్మెంద్రో దగ్గరికి. వెదురు వంతెన దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపున ఉన్నది మాది, అంటే ఊరంతా అల్మెంద్రో అనే చెట్టు. పెనుగాలికి పడిపోయి చాలా ఏళ్ళయింది, మొద్దే మిగిలింది. ఎడమదారి చివర బతికున్న అల్మెంద్రో ఒకటి ఉంది. పోయినేడు మా తమ్ముడు విల్బర్ దానికి పెద్ద పచ్చ బోర్డు కొట్టాడు, "అల్మెంద్రో" అని. వాళ్ళు ఆ బోర్డు దాకా పోయి, అక్కడ ఎవరూ లేకపోతే చుట్టుపక్కలంతా వెతికి, వెనక్కి వస్తూ వస్తూ నా కేక విన్నారు. మందు ఇంకాస్త ముందు పడి ఉంటే కాలు దక్కేదేమో అని శాన్ హోసే ఆసుపత్రిలో డాక్టరమ్మ అంది. మెల్లగానే అంది.

మా ఊరు పాల్మితాల్‌లో పుట్టిన ఎవణ్ణయినా పట్టుకుని అడగండి, అల్మెంద్రో అంటే ఏదో చెప్తాడు. నేను సరిగ్గానే చెప్పాను. తప్పు ఆ బోర్డుది. బోర్డు కొట్టినవాడిది.

జూన్ 13

బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి, రెండూ. ఎవరూ తీయలేదు. నేనూ తీయను.

జూన్ 17

విల్బర్ వచ్చాడు. దారి సంఘానికి ప్రెసిడెంటు కదా, ఇస్త్రీ చొక్కా. చేతిలో సంచీ, సంచీలో ఉడకబెట్టిన పెహిబాయె పళ్ళు. వాడు తప్పు చేస్తే తినడానికి ఏదో ఒకటి పట్టుకొస్తాడు. చిన్నప్పట్నుంచీ అంతే.

"అక్కా, గొలుసు తీయవే."

"ఎందుకు తీయాలి?"

"శనివారం రెండు బస్సులొస్తున్నాయి. మా నీదియా హోటల్లో పొయ్యి వెలిగి వారమైంది. తోబియాస్ తాత గుర్రాలు ఊరికే నిలబడి తింటున్నాయి. ఒక్క నీ గేటుతో ఊరంతటికీ తాళం పడింది."

"మీ బావ అడవిలో పడి ఉన్నప్పుడు ఊరంతా ఎక్కడికి పోయిందిరా? నువ్వెక్కడున్నావు?"

"మీటింగుకి టౌనుకి వెళ్ళానని తెలుసు కదే."

"నువ్వు లేవు. నీ బోర్డు మాత్రం ఉంది."

వాడి మొహం ఎర్రబడింది. "బోర్డు పెట్టక ఏం చేయమంటావు? ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు చిలకలు వాలే అల్మెంద్రో చూపించండి అంటే, కుళ్ళిపోయిన మొద్దు చూపించి దండం పెట్టుకోండి అనాలా? చెట్టంటూ ఒకటుంది, దాని మీద దాని పేరే రాశాను. వేరే దాని పేరేం రాయలేదు!"

"మీ ఇంటి చిరునామా చెప్పు."

"ఇప్పుడదెందుకు?"

"చెప్పరా."

"కాలిపోయిన రంపం మిల్లు దాటాక, నది వైపు రెండో సందు."

"మిల్లు ఉందా?"

"లేదు."

"నువ్వు పుట్టకముందే బూడిదైంది. నీకొచ్చిన ఉత్తరం ఏనాడైనా ఇంకొకరింట్లో పడిందా? ఈ దేశంలో సగం మంది లేనివాటిని చూపించే దారి చెప్పుకుంటున్నారు. ఎవరికీ రాని కష్టం నీకొచ్చింది, మేకులు పట్టుకుని బయల్దేరావు!"

"పోస్టువాడు మనూరివాడు అక్కా. అంబులెన్సువాళ్ళు కాదు." తలొంచుకుని అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "అయినా బోర్డులు చూసుకుంటూ రమ్మని చెప్పింది నువ్వేనట. ఆ అంబులెన్సు డ్రైవరు అన్నాడు."

పళ్ళ సంచీ తీసి వాడి వెనకాలే విసిరాను. గేటు దాకా దొర్లిపోయాయి. కోళ్ళు తిన్నాయి.

జూన్ 18

నేను బోర్డులనలేదు.

జూన్ 19

అనలేదు. అల్మెంద్రో అన్నాను. ఆ డ్రైవరు తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఏదో వాగాడు, వీడు నమ్మాడు. అసలు నేనెందుకు అంటాను? ఆ బోర్డులంటేనే నాకు పడదు. వాటిని కొడుతున్న రోజున విల్బర్‌తో పోట్లాడాను, ఊరంతా చూసింది.

జూన్ 24

నీదియా వచ్చింది. విల్బర్ పెళ్ళాం, గేటుకి ఎదురుగా రోడ్డవతల హోటలు. యూకా దుంపలూ మొక్కజొన్న కండెలూ వేసిన మాంసం పులుసు గిన్నె నిండా తెచ్చింది. అన్నయ్య ఎలా ఉన్నారు, కర్రలు అలవాటయ్యాయా, చంకలు ఒరుసుకుపోతే వాజిలీను రాయండి, ఇలా ఏవేవో మాట్లాడింది. నేను బియ్యం ఏరుతూ ఊఁ కొట్టాను. చివరికి అసలు సంగతికి వచ్చింది.

"వదినా, ఆ రోజు మీరు ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు నేను పొయ్యి దగ్గరున్నాను."

"ఉంటే?"

"మీ గొంతు సంగతి తెలిసిందే కదా. రోడ్డు దాటి వినిపించింది."

"ఏం విన్నావేంటి?"

"'సులువైన దారేనండీ, బోర్డులు చూసుకుంటూ రండి, తప్పిపోరు' అన్నారు." నా మొహం చూసి గబగబా అందుకుంది. "అది మీరు రోజూ చెప్పే మాటే కదా వదినా. టిక్కెట్టు చింపినప్పుడల్లా అదే చెప్తారు. కంగార్లో నోటికి అదే వచ్చేసింది. ఎవరికైనా వస్తుంది. నేనైతే నా మొగుణ్ణి పాము కరిచినా 'కాఫీలో పాలు పోయమంటారా' అనేదాన్నేమో."

"మొగుడు నేర్పించి పంపాడా?"

"ఆయన నేర్పిస్తే ఇంకా బాగా అబద్ధం చెప్పేదాన్ని" అని లేచి వెళ్ళిపోయింది.

పులుసు ఎలాదియో రెండు గిన్నెలు తాగాడు. నేను ముట్టుకోలేదు. సాయంత్రం గిన్నె కడిగేముందు అడుగున మిగిలింది తాగాను. ఉప్పు తక్కువైంది. హోటలు నడుపుతోంది, ఉప్పు వేయడం రాదు.

జూలై 3

కోపం రాని మనిషితో కాపురం ఎంత నరకమో ఎవరికి చెప్పుకోను.

ఎలాదియో ఇప్పుడు వసారాలో కూర్చోగలుగుతున్నాడు. అక్కణ్ణించి గేటు కనిపిస్తుంది. పొద్దున కాఫీ ఇస్తుంటే, "మన కుక్క తిన్నదా?" అన్నాడు.

"ఏ కుక్క?"

"గేటుకి కట్టేశావు కదా. పాపం, మొరగడం కూడా మానేసింది."

ఆయన కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, "నన్నొకసారి అల్మెంద్రో దాకా తీసుకెళ్ళు" అన్నాడు.

"పిచ్చా నీకు?"

"అమ్మమ్మలు నడిచే దారే కదే."

చేతిలో గరిటె గోడకేసి కొట్టాను. వంకర పోయింది. "నీకసలు ఒంట్లో రక్తం ఉందా? ఆ విల్బర్ గాడు ఇంటికొస్తే రారా అని కుర్చీ చూపిస్తావు. వాడి మీద నీకు కోపం రాదా?"

"వాడు ఆ బోర్డు కొడుతుంటే నిచ్చెన పట్టుకుంది నేనే" అన్నాడు.

ఆ సంగతి నాకు తెలీదు. ఆ రోజు నేను విల్బర్‌తో పోట్లాడి ఇంటికొచ్చేశాను. నేనిటు రాగానే ఆయన అటు వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాడన్నమాట. గరిటె సాగ్గొట్టాను. మునుపటిలా రాలేదు.

జూలై 9

వాన. గొలుసు తుప్పు పడుతోంది.

జూలై 21

బళ్ళో ఊరివాళ్ళు మీటింగు పెట్టారు. నేను వెళ్ళనన్నాను, వెళ్ళాను. వెళ్ళకపోతే నా వెనకాల ఏమేమి అంటారో అని.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. దారి మూసేస్తే ఊరు ఏం తిని బతుకుతుంది, పిల్లలు పైనాపిల్ తోటల్లోకి కూలికి పోవాలా, నీ బాధ మాకర్థమవుతుంది కానీ, కానీ, కానీ. ఆ కానీలు వినీ వినీ లేచి నిలబడ్డాను. "మీలో ఒక్కరి కాలు తెచ్చి నా గుమ్మం ముందు పెట్టండి, తాళం తీస్తాను" అన్నాను. విల్బర్ నేలకేసి చూస్తున్నాడు.

తోబియాస్ తాత మాత్రం టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, "అమ్మాయ్, ఎలాదియోని పాము కరిచింది. అయ్యో అనుకున్నాం. నువ్వు మమ్మల్నందర్నీ ఎందుకు కరుస్తున్నావు?" అన్నాడు. పెద్దవాడని ఊరుకున్నాను. ఊరుకోలేదు, తలుపు విసిరికొట్టి వచ్చేశాను.

అసలు మంట దాని తరవాత. రోడ్డు మీద పాలవ్యాను కొత్త డ్రైవరు నిలబడి ఉన్నాడు. నా వెనకాలే బయటికొచ్చిన తోబియాస్ తాతని, పై మేతబీడు ఎటండీ అని అడిగాడు. తాత చెయ్యెత్తి చూపిస్తూ, "ఎలాదియోని పాము కరిచిన చోటుంది చూడు, దానికి సరిగ్గా ఎగువన" అన్నాడు. వాడు తలూపాడు! ఈ ఊరికొచ్చి నెలైనా కాని పాలవ్యాను వాడు, తెలిసినట్టు తలూపాడు!

నా మొగుడి కాలు వీళ్ళకి చౌరస్తా అయిపోయింది.

ఇంటికొచ్చి ఎలాదియోకి చెప్పాను. కోపంతో ఏడుపొచ్చేసింది, ఏడుస్తూనే చెప్పాను. ఆయన నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఏమన్నాడూ? ఇంకోసారి చెప్పు. మిల్లు కాలి చిరునామా అయింది, చెట్టు పడి చిరునామా అయింది. నేను మాత్రం ఏం తక్కువ?" అంటాడు.

అన్నం కంచం ముందు పెట్టి వెళ్ళిపోయాను. పక్కన కూర్చోలేదు.

ఆగస్టు 2

మాత పండగ. ప్రతి ఏడూ ఎలాదియో కార్తాగోలో మాత గుడి దాకా నడిచి వెళ్ళేవాడు. ఇక్కణ్ణించి నడుచుకుంటూ! కాళ్ళకి బొబ్బలేసుకుని వచ్చి, మాత చల్లగా చూసిందే ముసలీ అనేవాడు. ఇవాళ టీవీలో ఆ జనాన్ని చూశాడు. కొంతమంది గుడి లోపల మోకాళ్ళ మీద నడుస్తున్నారు. ఆయన టీవీ కట్టేశాడు.

"అంతా ఆ విల్బర్ గాడి..." అన్నానో లేదో, "చాలు!" అని అరిచాడు. మా పెళ్ళయ్యాక ఆయన నా మీద అరవడం ఇదే మొదలు.

"ఆ కుర్రాడి పేరు ఇంకోసారి ఎత్తావంటే నేనే ఈ కర్రలేసుకుని ఇంట్లోంచి పోతాను. నేను విన్నానే."

"ఏం విన్నావు?"

"అంతా. నువ్వు వాకీ బటన్ మీంచి వేలు తీయలేదు. ఫోన్లో నువ్వు మాట్లాడిందంతా నాకు వినిపిస్తూనే ఉంది. సులువైన దారేనండీ, బోర్డులు చూసుకుంటూ రండి అన్నావు. అయ్యో, వీళ్ళు అటు పోతారు అనుకున్నాను. 'బోర్డులు కాదే, మొద్దు అని చెప్పు, మొద్దు' అని అరుస్తూనే ఉన్నాను. నువ్వు బటన్ నొక్కి పట్టుకుని ఉంటే నా మాట నీకెలా వస్తుంది?"

"నేనొచ్చాక చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెప్పాను. వెళ్ళి రెండు దారుల దగ్గర నిలబడమన్నాను. నా తల వదల్లేదు నువ్వు. నిన్ను వదిలి ఎక్కడికీ పోను అని ఒకటే ఏడుపు."

"నాకు గుర్తు లేదు."

"ఉండదులే" అన్నాడు, గొంతు తగ్గించి.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?"

"చెప్తే కాలు మొలుస్తుందా? వాడి మీద అరుస్తుంటే నీకు కాస్త ఊపిరాడుతోందిలే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే మొత్తం ఊరికే ఊపిరాడ్డం లేదు."

నాకిప్పుడు అందరికంటే ఎక్కువ కోపం ఈయన మీదే. తెలిసి, అంతా తెలిసి, కుక్క తిన్నదా అని అడుగుతూ కూర్చున్నందుకు.

ఆగస్టు 3

ఇవాళ ఏమీ రాయను.

ఆగస్టు 6

పెరట్లో అరటి గెలలు కొట్టాను. పండనివి కూడా కొట్టేశాను. ఎవరి మీదా కోపంతో కాదు.

నీదియా రోడ్డవతల ఖాళీ బల్లలు తుడుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఊపబోయి మానేసింది.

ఆగస్టు 19

అక్షరాలు నాకే అర్థమవుతాయో లేదో.

టౌనులో మందులు కొనుక్కుని వచ్చేసరికి ఇంట్లో ఎలాదియో లేడు. గుమ్మం దగ్గర ఎడమ బూటు ఒక్కటే ఉంది. కుడిది లేదు. గొలుసు వేసింది వేసినట్టే ఉంది, పక్కన కంచె కింది తీగ పైకి లేపి ఉంది. బురదలో కర్రల గుంటలు, మధ్యలో ఒక్క బూటు అచ్చు.

"వదినా!" నీదియా హోటల్లోంచి పరిగెత్తుకొచ్చింది. "అన్నయ్య అల్మెంద్రో దాకా వెళ్ళొస్తానన్నారు. వద్దంటే కర్రెత్తి చూపించారు. వెనకాలే వెళ్దామంటే, నువ్వొస్తే నిజంగానే కొడతానన్నారు. చాలాసేపైంది."

తాళం నాకు తిరగలేదు. నీదియాయే తీసింది. నేను పరిగెత్తాను. వెదురు వంతెన దాటాను, కుడివైపుకి తిరిగాను. కాళ్ళే తిరిగాయి, ఆలోచించింది లేదు. దారికి అడ్డంగా కొమ్మలు పడి ఉన్నాయి, గొలుసు వేసిన దగ్గర్నుంచి ఊడిచినవాళ్ళు లేరు. ఆ కొమ్మల మీంచి దూకుతూ, ఎక్కడ పాము ఉందో, ఎక్కడ ఆయన పడి ఉన్నాడో అనుకుంటూ మొద్దు దగ్గరికి చేరాను.

ఆయన లేడు.

మొద్దు చుట్టూ తిరిగాను. కింద వాగులోకి చూశాను. పేరు పెట్టి పిలిచాను. వాన మొదలైంది. దేవుడా, ఇక్కడే ఉండాలి కదా, అల్మెంద్రో అంటే ఇదే కదా, పాల్మితాల్‌లో పుట్టిన ఎవణ్ణడిగినా...

అంతవరకూ అనుకుని ఆగిపోయాను.

వెనక్కి పరిగెత్తి వంతెన దగ్గర ఎడమదారి పట్టాను. ఆ దారంతా విల్బర్ బోర్డులే. పచ్చవి, తెల్ల బాణం గుర్తులవి. ఇన్నాళ్ళలో మొదటిసారి నేను వాటిని చూసుకుంటూ నడిచాను. చివరికి పెద్ద బోర్డు, దాని కింద, బతికున్న చెట్టు వేళ్ళ మధ్య, ఎలాదియో కూర్చుని ఉన్నాడు. కర్రలు పక్కన పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

"ఇంతసేపా?" అన్నాడు.

వీపు మీద రెండు దెబ్బలేశాను. గట్టిగానే వేశాను.

"మొద్దు దగ్గరికి పోయావు కదూ?" అన్నాడు.

"అల్మెంద్రో అని చెప్పి వచ్చావట!"

"ఇది మాత్రం కాదా?"

"నువ్వెప్పుడైనా దీన్ని అల్మెంద్రో అన్నావా? చచ్చిపోయావనుకున్నాను! అక్కడ వాగులోకి చూశాను!"

"అక్కడిదాకా నేనెలా వస్తానే? కొమ్మలన్నీ అడ్డం పడి ఉన్నాయి. ఇటైతే చదునుగా ఉందని ఇటొచ్చాను." పైకొమ్మలు చూపిస్తూ, "చిలకలు కాయలు పండేదాకా రావు. అయినా చూద్దామనిపించింది" అన్నాడు.

ఆయన పక్కన బురదలోనే కూలబడ్డాను. ఆ రోజు నుంచీ లోపల ఆగిపోయిన ఏడుపంతా వచ్చింది. నేనే చెప్పాను బోర్డులని, నేనే, అన్నాను. ఆయన, "ఊఁ" అన్నాడు. వాన తగ్గేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

ఒక కర్ర నాకిచ్చి నా భుజం పట్టుకున్నాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో కూర్చున్నాం, మళ్ళీ లేచాం.

ఆగస్టు 20

విల్బర్‌ని పిలిచి గొలుసు వాడి చేతికిచ్చాను. "పడవకి కట్టుకో" అన్నాను. వాడి కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు మళ్ళీ చిర్రెత్తుకొచ్చింది. "ఏడిస్తే మళ్ళీ వేస్తాను" అన్నాను.

"మొద్దు దగ్గర కూడా ఓ బోర్డు పెడతాను అక్కా. ఏమని రాయమంటావు?"

వసారాలోంచి ఎలాదియో అందుకున్నాడు. "ఇక్కడ అల్మెంద్రో ఉండేది అని రాయరా."

"ఆ దరిద్రపు పచ్చరంగు మాత్రం వేయకు" అన్నాను.

సాయంత్రం గేటు వైపు చూస్తూ, "కుక్క ఏదే?" అన్నాడు ఎలాదియో.

"వదిలేశాను."

సెప్టెంబరు 7

పొద్దున రెండు వ్యాన్లు వచ్చాయి. టిక్కెట్లు నేనే చింపాను. ఒక పెద్దావిడ, మనవరాలి చెయ్యి పట్టుకుని, "సులువేనా అమ్మా?" అని అడిగింది. అమ్మమ్మలు కూడా, అనబోయి ఆగాను. "వానకి జారుతుంది. మెల్లగా నడవండి, మా తమ్ముడు తోడొస్తాడు" అన్నాను. ఇలా చెప్తే ఎవరొస్తారు అని విల్బర్ గొణిగాడు. వాడి వైపు చూస్తే నోరు మూసుకున్నాడు.

కాసేపటికి వాకీలో వాడి గొంతు. "అక్కా! ఆ పెద్దావిడ జారి పడింది. చీలమండ వాచిపోయింది, లేవలేకపోతోంది. అంబులెన్సుకి చెప్పు. అల్మెంద్రో దగ్గరున్నాం."

ఎలాదియో నా పక్కనే స్టూలు మీద కూర్చుని చిల్లర సర్దుతున్నాడు. ఆయన చేతులు ఆగిపోయాయి. నా మొహంలోకి చూశాడు.

బటన్ నొక్కి, "ఏ అల్మెంద్రోరా?" అన్నాను. వదిలాను.

"మొద్దు దగ్గరే అక్కా."

నొక్కాను. ఆ మాటని చిరునామాగా ఇప్పటిదాకా నా నోటితో అనలేదు. అన్నాను. "మీ బావని పాము కరిచిన చోటా?"

"అవునక్కా. అక్కడే."

ఫోను తీశాను. చెప్పాను. "పాల్మితాల్, నడకదారి. దారిలో పచ్చ బోర్డులుంటాయి, వాటి వెంట పోకండి. వెదురు వంతెన దాటగానే కుడివైపు. పడిపోయిన చెట్టు మొద్దు. అయినా నేనే వంతెన మీద నిలబడతాను, నన్ను చూసి రండి." మళ్ళీ మొదట్నుంచీ చెప్పించుకున్నాను వాళ్ళ చేత. విసుక్కున్నారు. విసుక్కోనీ.

ఆ రోజు కూడా నాకు ఇదే నోరుంది. ఆ మాట నన్ను పోయేదాకా తింటుంది, తెలుసు.

వంతెన మీదికి వెళ్ళడానికి లేచి, చేతిలో వాకీ చూసుకున్నాను. బటన్ మీద వేలు లేదు. అందులోంచి విల్బర్ గొంతు వినిపిస్తూనే ఉంది, "భయపడకండి అమ్మా, మా అక్క వస్తోంది" అని ఆ పెద్దావిడకి చెప్తున్నాడు.